బరంపురంలో పైపు గ్యాస్: భూకంపం వస్తే ఏమవుతుందని అడిగినవాడి రివ్యూ

ఐదుకి మూడున్నర. వంట సంగతి ఒక్కటే అయితే ఐదుకి ఐదు ఇచ్చేసి ఊరుకునేవాణ్ని. ఆ కోసేసిన ఒకటిన్నర ఎందుకో చెప్పాలంటే కొంచెం పెద్ద కథ ఉంది. అంత ఓపిక లేనివాళ్లు "పెట్టించుకోండి, కానీ మీ గోడ దగ్గర జరిగే పనికి మీరే దగ్గరుండండి" అన్న ముక్క పట్టుకుని వెళ్లిపోవచ్చు.

మాది పాత బరంపురం వైపు, మగ్గాల వీధి. ఇప్పుడు మగ్గాలు నాలుగైదే మిగిలాయి గానీ ఆ పేరు పోలేదు. సందు ఎంత ఇరుకంటే ఎదురింట్లో తాలింపు పెడితే మా ఇంట్లో తుమ్ములొస్తాయి. సిలిండరు ఆటో సందు మొదట్లోనే ఆగిపోతుంది, అక్కడినుంచి దొర్లించుకు రావాలి, పైగా మా వంటగది మేడ మీద. అలాంటప్పుడు పైపు గ్యాస్ వస్తోందని కంపెనీవాళ్లు ఫారాలు పట్టుకొస్తే వీధిలో మొట్టమొదటి సంతకం నాదే కావాలి కదా. కాలేదు. ఆఖరున పెట్టాను, అదీ మా ఆవిడ పోరు పడలేక.

నా భయం భూకంపం. నవ్వకండి. 2025 ఫిబ్రవరి 25 పొద్దున్న ఆరూ పదికి బంగాళాఖాతంలో 5.1 తీవ్రతతో వచ్చింది గుర్తుందా, కోల్‌కతా నుంచి పూరీ, మన బరంపురం దాకా తెలిసింది. మంచం మీద కూర్చుని కాఫీ తాగుతున్న మా అమ్మ "ఎవుర్రా మంచం ఊపుతున్నది?" అంది, ఇంట్లో ఎవరూ ఆ గదిలో లేరు. అంతకుముందు 2014 మే 21 రాత్రి వచ్చింది ఇంకా పెద్దది, 6.0. ఆ రాత్రి వీధి వీధంతా లుంగీలతో, నైటీలతో బయటే నిలబడి కబుర్లు చెప్పుకుంది. మనకి తుఫానంటే లెక్క తెలుసు. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే కదా తీరం దాటింది. తుఫానొస్తుందంటే కిరోసిన్, కొవ్వొత్తులు తెచ్చుకుంటాం, సిలిండరు తాడేసి కట్టేస్తాం. భూకంపానికి మాత్రం చెప్పి వచ్చే అలవాటు లేదు, నేలలో పాతిన గొట్టాన్ని తాడేసి కట్టలేం. అది నా గొడవ.

నేను సంతకం పెట్టిన ఏడాది వర్షాలు పోయాక మా వీధి తవ్వారు. ఒళ్లంతా మట్టితో గుంటలో దిగిన కుర్రాడు తెలుగువాడే, సోంపేట వైపు. నేను అరుగు మీద కూర్చుని అడిగాను, "ఏటి బాబూ, నేల అదిరితే ఇది ఇరిగిపోదా?"

"ఇరగడానికి ఇది ఇనుమేటి బాబాయ్? సాగుతాది" అని ఒక కోసేసిన ముక్క నా చేతికిచ్చాడు. మందంగా, నున్నగా ఉంది, గోరు గుచ్చితే కొంచెం దిగుతోంది. పాలిథిలీన్. ఈ గొట్టాల ప్రమాణం ప్రకారం తెగేలోపు కనీసం 350 శాతం సాగాలట, అంటే జానెడు ముక్క నాలుగున్నర జానలయ్యాక తెగినా సరే అన్నమాట.

అతుకు వేయడం దగ్గర కూర్చుని చూశాను, ఆ గంటసేపూ చాలా బాగా గడిచింది. ముందు గొట్టం కొసని చుట్టూ గీకాడు, కొబ్బరి తురుములా సన్నటి పొర రాలింది. తెల్లగుడ్డకి స్పిరిట్ అద్ది తుడిచాడు. రెండు కొసలూ ఒక కప్లర్‌లో, అంటే రెంటినీ కలిపే పొట్టి గొట్టంలో దూర్చి, కదలకుండా క్లాంపులు బిగించి, రెండు వైర్లు తగిలించాడు. "లోపల తీగ చుట్టి ఉంటాది బాబాయ్, కరెంటు పెడితే ప్లాస్టిక్ కరిగి రెండూ ఒకటైపోతాయి." మిషను సెకన్లు లెక్కపెట్టుకుంటూ పోయింది, కాసేపటికి కప్లర్ మీద బియ్యపుగింజంత మొనలు రెండు పైకి పొడుచుకొచ్చాయి. అవి లేస్తే లోపల సరిగ్గా కరిగినట్టు. చల్లారేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదని పక్కవాణ్ని కసిరాడు కూడా.

రెండో అతుకు వేసేలోపు చినుకులు మొదలయ్యాయి. సూపర్‌వైజరు ఫోన్‌లో కానిచ్చెయ్యమంటున్నాడు, కుర్రాడు వినలేదు, తడి తగిలితే అతుకు పట్టదని మిషను మూసేసి టార్పాలిన్ కప్పి వెళ్లిపోయాడు. గుంట రాత్రంతా తెరిచే ఉంది, మా పక్కింటి వాళ్ల స్కూటీ ముందు చక్రం అందులో పడింది, వీధంతా తిట్టింది. నేనైతే ఆ పనికే ఒక స్టార్ ఇచ్చాను.

ఎందుకో చెబుతా. భూకంపమంటే గొట్టాన్ని ఎవరో పట్టుకుని విరిచేస్తారని మనం అనుకుంటాం గానీ, పాతిన గొట్టం నేలతో పాటే ఊగుతుంది, ఉత్త ఊపుకి మంచి గొట్టానికి పెద్దగా ఏమీ కాదు. నేల నేలగా ఉండకపోతేనే చిక్కు. చీలి ఒక పక్క ఇటూ ఒక పక్క అటూ జరిగినప్పుడు, గట్టు జారినప్పుడు, నీరు పట్టిన ఇసుక అదురుకి గంజిలా అయిపోయినప్పుడు. అప్పుడు కూడా మొదట పోయేది మధ్యలో గొట్టం కాదు, అతుకూ మలుపూ. మా వీధిలో ఎవర్ని అడిగినా చెబుతారు, పడుగు దారం తెగేది ముడి దగ్గరే.

1994 జనవరి 17న లాస్ ఏంజెలెస్ పక్కన నార్త్‌రిడ్జ్‌లో అదే జరిగింది. బాల్బోవా అనే రోడ్డు కింద 1930 ప్రాంతంలో వేసిన గ్యాస్ లైను తెగి అంటుకుంది, పక్కనే నీళ్ల లైనూ పగిలింది, రోడ్డంతా నీళ్లు, నీళ్ల మధ్య మంటలు, ఇళ్లు కాలిపోయాయి. అదే రోడ్డు కింద తర్వాతి కాలంలో మంచి వెల్డింగుతో వేసిన ఉక్కు లైన్లు మాత్రం నిలబడ్డాయి. సరిగ్గా ఏడాదికి, 1995 జనవరి 17న, జపాన్‌లో కోబె. 8.5 లక్షల పైచిలుకు ఇళ్లకి గ్యాస్ ఆపేయాల్సి వచ్చింది, మొత్తం తిరిగి ఇవ్వడానికి మూడు నెలలు పట్టింది. అక్కడ ఎక్కువగా పోయినవి మరలు తిప్పి బిగించిన పాత ఇనుప గొట్టాల అతుకులు. పాలిథిలీన్ గొట్టాలు చెక్కుచెదరలేదు. ఆ తర్వాత జపాన్‌వాళ్లు వీధి లైన్లకి దీన్ని బాగా వాడడం మొదలుపెట్టారు. కాబట్టి మా సోంపేట కుర్రాడు గొప్ప మాటే చెప్పాడు, సాగుతాది అని.

గొట్టం చుట్టూ వేసే ఇసుక కూడా ఊరికే కాదు. దాదాపు మీటరు లోతున పెట్టి, చుట్టూ మెత్తటి ఇసుక పోసి, పైన అడుగు ఎత్తులో హెచ్చరిక పట్టా పరుస్తారు. రాయి మొన గుచ్చుకోదు, నేల కదిలితే గొట్టం కూడా కాస్త సర్దుకుంటుంది. భ్రంశం, అంటే నేల రెండు పక్కలూ జరిగే లోతైన చీలిక, ఉన్నచోట పెద్ద లైను వేయాల్సి వస్తే ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేస్తారు: కందకం గోడలు నిలువుగా కాక ఏటవాలుగా తవ్వి, వదులు ఇసుక నింపి, గొట్టం మందం పెంచి, భ్రంశాన్ని దాటే కోణం కూడా గొట్టం నలిగిపోకుండా సాగేట్టు చూసుకుని, దగ్గర్లో మలుపులు లేకుండా వేస్తారు. మా వీధి చివర రెండిళ్ల దగ్గర మాత్రం తవ్విన రాళ్లే మళ్లీ గుంటలో తోసేయబోయారు. నేనూ, మా పక్కింటి మావయ్యా అరిచి గోల చేస్తే తీసేశారు. పావు స్టార్ అక్కడ పోయింది.

మన వైపు గ్యాస్ కంపెనీ గెయిల్ వాళ్ల శ్రీకాకుళం-అంగుల్ ఉక్కు లైను ఉంది. అలాంటి పెద్ద లైన్లకి అసలు పరీక్ష నదుల దగ్గరే అని నా లెక్క. బాహుదా, ఋషికుల్యల ఒడ్డున ఇసుక ఎలా ఉంటుందో మనకి తెలియంది కాదు, అరచేత్తో తవ్వితే నీరు ఊరుతుంది. అలాంటి ఇసుక అదురుకి గంజి అయితే, లోపల గ్యాస్ తప్ప బరువేమీ లేని గొట్టం బెండుముక్కలా పైకి తేలాలని చూస్తుంది. అందుకే అలాంటి చోట్ల గొట్టం మీద కాంక్రీటు బరువులు వేస్తారు, లేదా నది అడుగుకి ఇంకా కిందనుంచి బోరు వేసినట్టు తొలిచి అటువైపు తేలుస్తారు. అలాస్కాలో చమురు లైనునైతే డెనాలి భ్రంశం దగ్గర అసలు పాతనే లేదు, నేల మీద దూలాలు పరిచి వాటి మీద జారేట్టు వంకరటింకరగా పెట్టారు. 2002 నవంబరు 3న 7.9 వస్తే నేల నాలుగు మీటర్లకి పైగా పక్కకి జరిగినా చుక్క చమురు కారలేదు. మన సందులో వంకరటింకర పెట్టడానికి చోటెక్కడిది లెండి, సందే వంకర.

ఇక అసలు ఫిర్యాదు. వీధిలో అంత శ్రద్ధగా వేసిన గొట్టం మా ఇంటి గోడ దగ్గర నేలలోంచి పైకి లేచి ఇనుప పైపుకి తగులుకుంటుంది, అక్కడినుంచి మేడ దాకా జింకు పూత ఉన్న ఇనుప (జీఐ) పైపు, మరలు బిగించిన అతుకులు. కోబెలో ఓడిపోయిన అతుకు ఏదో పైన చదివారుగా. గోడ ఒకలా ఊగుతుంది, నేల ఇంకోలా ఊగుతుంది, రెండింటి లాగుడూ భరించాల్సింది ఈ జాగాలోనే. అక్కడ పైపుకి కాస్త ఆడే చోటు ఉండాలి. మా ఇంటి దగ్గర కాంట్రాక్టరు మనుషులు ఏం చేశారంటే, పగలగొట్టిన అరుగు పూడ్చేటప్పుడు పైపు చుట్టూ సిమెంటు కాంక్రీటు కూరి, దట్టించి నున్నగా సాపు చేసి, "చూడండి సార్, నీట్‌గా చేశాం" అన్నారు. నీట్‌గానే ఉంది. గుంజకి కట్టేసిన దూడలా ఉంది.

హెల్ప్‌లైన్‌కి చేశాను. ఒడియా, హిందీ, ఇంగ్లీషు, ఈ మూడే. నా ఒడియా బజారు ఒడియా, దాంతో "భూకంపం వస్తే సిమెంటు దగ్గర పైపు తెగుతుంది" అని చెప్పేసరికి అవతలి అమ్మాయి గ్యాస్ లీకేజీ అని రాసుకుంది. దానివల్ల ఒక మేలు జరిగింది, ముప్పావుగంటలో మనుషులొచ్చారు. లీకేజీ లేదని చూసి నా మీద చిరాకు పడ్డారు. సిమెంటు సంగతి చెబితే అది తమ పని కాదు, కాంట్రాక్టరుదన్నారు, కాంట్రాక్టరు బిల్లు అయిపోయిందన్నాడు. నెలన్నర తిరిగాను.

ఇంకొకటి. ఇంటి బయట గోడ మీద మొత్తం ఇంటికి గ్యాస్ ఆపే వాల్వు ఒకటి ఉంటుంది. అదురొస్తే, వాసనొస్తే, బయటికి పరిగెత్తేటప్పుడు చేయాల్సిన పని అది తిప్పడమే. మా ఇంట్లో దాని గురించి చెప్పింది నాకొక్కడికే, నేను పగలు షాపులో ఉంటాను. ఇచ్చిన కాగితం ఒడియా, ఇంగ్లీషుల్లో ఉంది. మా అమ్మకి తెలుగు తప్ప చదవడం రాదు, ఈ ఊళ్లో ఆ వయసు తెలుగువాళ్లు చాలామంది అంతే. జపాన్‌లో ఇంటి మీటరే గట్టి అదురు పసిగట్టి తనంతట తనే గ్యాస్ ఆపేస్తుంది, కాలిఫోర్నియాలో లోపల గుండు జారి దారి మూసేసే వాల్వులు పెట్టుకుంటారు. మా మీటరు అంకెలు తిప్పడం తప్ప ఇంకేమీ చేయదు. మనకి అవి కావాలని నేను అనడం లేదు, ఒక తెలుగు కాగితం అడుగుతున్నానంతే.

వంట గురించి రెండు ముక్కలు: మంట నిలకడగా ఉంది, స్టవ్ జెట్‌లు వాళ్లే మార్చారు, అర్ధరాత్రి గ్యాస్ అయిపోతుందన్న టెన్షన్ లేదు, బిల్లు రెండు నెలలకోసారి, సిలిండరు కన్నా మాకు తక్కువే పడుతోంది. ఈ పైపు గ్యాస్ గాలి కన్నా తేలిక, లీకైతే సిలిండరు గ్యాస్‌లా నేలబారున పేరుకోకుండా పైకి పోతుంది, కాబట్టి కిటికీ పైరెక్క మూయకండి. నిజం చెప్పాలంటే మా వీధి గొట్టానికి భూకంపం కన్నా మున్సిపాలిటీ కాలవల కోసం వచ్చే జేసీబీతోనే ఎక్కువ ప్రమాదం, మొన్న దసరా ముందు హెచ్చరిక పట్టా దాకా తవ్వేశాడు, పక్కింటి మావయ్య చూసి ఆపాడు గానీ.

తాజా సంగతి: నెలన్నర తర్వాత ఆ సోంపేట కుర్రాడే వేరే వీధి పని మీద వచ్చి కనిపించాడు. చెబితే తలపట్టుకున్నాడు. ఆ ఆదివారం మేస్త్రీతో నేనే ఆ సిమెంటు కొట్టించాను, పైపుకి దెబ్బ తగలకుండా ఉలితో చిన్న చిన్నగా. కుర్రాడు నిలువునా చీల్చిన పీవీసీ ముక్క ఒకటి పైపుకి తొడిగించి, మధ్యలో వేలు పట్టేంత సందు వదిలించి, నీళ్లు దిగకుండా పైన మెత్తటి సీలెంట్ పూయించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, అమ్మ పెట్టిన పెసరట్టు తిన్నాడు. వెళ్లేముందు అమ్మని గోడ దగ్గరికి తీసుకెళ్లి వాల్వు మూడుసార్లు తిప్పించాడు, "పిడి పైపుకి అడ్డంగా ఉంటే గేస్ ఆగినట్టు మామ్మా." ఇప్పుడు ఆవిడ రోజూ రాత్రి పడుకునేముందు వీధి తలుపు గడియ వేసి, దాన్నీ అడ్డంగా తిప్పి వస్తోంది, పొద్దున్నే కాఫీకి స్టవ్ వెలగక నేను కిందికి దిగాల్సి వస్తోంది.