‘ది ఆర్కిటెక్ట్స్ డ్రీమ్’కు చేత్తో వేసిన ఆయిల్ కాపీ: ఏది నిలిచింది, ఏది జారింది

తాజ్‌మహల్ బొమ్మలో మినారు కాస్త లావెక్కినా చూసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. అమెరికన్ చిత్రకారుడు థామస్ కోల్ 1840లో వేసిన ‘ది ఆర్కిటెక్ట్స్ డ్రీమ్’ (వాస్తుశిల్పి కల) విషయంలో ఆ వీలు లేదు. పిరమిడ్, గ్రీకు గుడి, కమానుల మీద సాగే రోమన్ నీటికాలువ, ఎడమవైపు చెట్ల చీకట్లో గోతిక్ చర్చి... ఇవన్నీ ఒకే నీటి ఒడ్డున ఉన్న ఊరిని ఎవరూ, ఎక్కడా కట్టలేదు. ఆ భవనాలు ఎంత పెద్దవో చెప్పేది ఆ బొమ్మ ఒక్కటే. అందుకే కాపీ చేతికొచ్చాక రంగుల సంగతి తర్వాత, ముందు కొలతలు చూడాలి.

ఇది ఆర్డర్ మీద వేసిచ్చే ఒక ఆన్‌లైన్ స్టూడియో కాపీ. కాన్వాస్ మీద ఆయిల్, 24 × 38 అంగుళాలు, గొట్టంలో చుట్టి పంపారు.

సైజు దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం టొలీడో మ్యూజియంలో ఉన్న అసలు బొమ్మ 134.7 × 213.6 సెంటీమీటర్లు. ఆ లెక్కన 24 అంగుళాల ఎత్తుకు వెడల్పు 38 ఉండాలి. కేటలాగుల్లో మామూలుగా కనిపించేది 24 × 36. అది ఎంచుకుంటే రెండు అంగుళాల బొమ్మ పోతుంది, లేదా వెడల్పును నొక్కి సరిపెడతారు. నొక్కితే స్తంభాలన్నీ సన్నబడతాయి. డోరిక్ అనే పాత గ్రీకు శైలి స్తంభం అందమంతా దాని లావులోనే ఉంది. 38 అని విడిగా రాసి అడగాల్సిందే, డబ్బు కాస్త ఎక్కువైనా సరే.

ఈ కాపీలో అన్నిటికంటే బాగా కుదిరినవి చిన్న మనుషులు. అసలులో సెంటీమీటరు ఎత్తున్న మనిషి ఈ సైజుకు వచ్చేసరికి నాలుగున్నర మిల్లీమీటర్లే. కుంచె కాస్త లావైనా మనిషి ఎత్తు రెట్టింపవుతుంది, ఆ క్షణమే వెనకున్న గుడి సగానికి కుంగిపోతుంది. ఇక్కడ ఒక్కో మనిషికి రెండు మూడు చుక్కలు మాత్రమే పెట్టి వదిలేశారు, ముఖాలు దిద్దలేదు. సరైన పని అదే. ముందున్న పెద్ద స్తంభం మీద, భారీ పుస్తకాల నడుమ వాలి ఉన్న వాస్తుశిల్పి కూడా ఒదిగినట్టే ఉన్నాడు. ఆ స్తంభం మీదే కోల్ తన పేరు, బొమ్మ వేయించుకున్న వాస్తుశిల్పి ఐథియల్ టౌన్ పేరు రాశాడు. టౌన్‌కు మాత్రం బొమ్మ నచ్చలేదు, తీసుకోలేదు. కాపీలో ఆ అక్షరాలు అలికినట్టు వచ్చాయి. ఆర్డర్‌లోనే అక్షరాల దగ్గరి ఫొటో జతచేస్తే ఈ తప్పు రాదు.

జారింది పిరమిడ్ దగ్గర. అసలులో అది అన్నిటికంటే వెనక, ఎండలో కరిగిపోతున్నట్టు లేతగా ఉంటుంది. అంచు ఎక్కడ ముగిసి ఆకాశం ఎక్కడ మొదలైందో కన్ను వెతుక్కోవాలి. కాపీలో టేపు అంటించి గీత కొట్టారు. పక్కనుంచి టార్చి వేస్తే అంచు వెంబడి రంగు గట్టు కట్టి కనిపిస్తుంది. పైగా టైటానియం వైట్‌ను నేరుగా వాడారు, దాంతో మసక బదులు సున్నం కొట్టిన గోడ వచ్చింది. ఆ తెలుపులో చిటికెడు ఎల్లో ఓకర్ (పసుపు మట్టిరంగు) కలిపి, పొడి కుంచెతో పల్చటి పొర లాగితే అంచు మెత్తబడి పిరమిడ్ మళ్లీ దూరం జరుగుతుంది. ఈ దిద్దుబాటు వార్నిష్‌కు ముందే జరగాలి. గీతలు గీశాక ఒకసారి, తొలి రంగు పొర ఆరాక ఒకసారి, చివర్లో ఒకసారి ఫొటోలు అడగండి. పిరమిడ్ సంగతి రెండో ఫొటోలోనే తెలిసిపోతుంది.

చర్చి వైపు చీకటిని నల్ల రంగుతో నింపలేదు, అంబర్ (ముదురు గోధుమ మట్టిరంగు) మీద ఆకుపచ్చ పల్చగా పూశారు. చెట్ల లోపల లోతు మిగిలింది. నిలువు గీతలు కూడా తిన్నగానే ఉన్నాయి. ప్రొజెక్టర్‌తో బొమ్మ దింపినప్పుడు అంచుల దగ్గరి స్తంభాలు విల్లులా వంగడం మామూలే. దారం బిగించి పట్టి చూస్తే తెలిసిపోతుంది.

ప్రింటు మీద పారదర్శకమైన జెల్ పూసి ‘చేత్తో వేసింది’ అని అమ్మేవి కూడా ఉన్నాయి. ముదురు నీడల మీద భూతద్దం పెట్టండి. రంగుచుక్కలు కనిపిస్తే అది ప్రింటే. ఇందులో చుక్కలు లేవు, కుంచె జాడలు స్తంభాల వెంట నిలువుగా, నీటి మీద అడ్డంగా సాగాయి.

ప్యాకింగ్ సరిగ్గానే చేశారు: రంగు ముఖం బయటికి ఉండేలా, వదులుగా చుట్టారు. లోపలికి చుడితే రంగు పొర నలిగి లేస్తుంది. చుట్టూ రెండు అంగుళాల ఖాళీ కాన్వాస్ వదిలారు, చట్రానికి బిగించడానికి అంత కావాలి. స్టేపుల్స్ ప్రతి వైపూ మధ్యలో మొదలుపెట్టి మూలలకు వెళ్లాలి. మూలల్లో చెక్క చీలికలు పెట్టే చట్రమే తీసుకోండి. విశాఖ, కాకినాడ లాంటి చోట వానాకాలం తేమకు కాన్వాస్ వదులైతే వాటిని కొద్దిగా లోపలికి కొడితే సరిపోతుంది. బయటి గోడకు తగిలిస్తే వెనక గాలి ఆడేలా కాస్త ఎడం ఉంచండి, లేకపోతే బూజు పడుతుంది. చివరి వార్నిష్‌కు ఆరు నెలలైనా ఆగాలి.

ఇదే స్టూడియో ఫ్రెంచ్ వాస్తుశిల్పి బూలే 1784లో గీసిన గోళాకారపు న్యూటన్ స్మారకాన్ని కూడా ఆయిల్‌లో వేసిస్తానంటోంది. అది మాత్రం వద్దు. 150 మీటర్ల ఎత్తు అనుకున్న ఆ గోళం అసలు కాగితం మీద సిరా, నీళ్లు కలిపిన పల్చటి పూత. పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉంది. గోళం మీద వెలుగు నీడలోకి జారేచోట గీత కనిపించకూడదు. ఆయిల్‌లో రంగులు జాగ్రత్తగా కలపకపోతే అక్కడే పట్టీలు పడతాయి, గోళం కాస్తా పళ్లెంలా చదునవుతుంది. వాటర్‌కలర్ కాగితం మీద సిరా పూతతో వేసేవాళ్లు దొరికితేనే వేయించండి. అప్పుడు కూడా ముందుగా చూడాల్సింది గోళం అడుగున సైప్రస్ చెట్ల వరుస పక్కన చుక్కంత ఉన్న మనుషుల్నే.