నాన్నతో రైన్‌గౌ: ద్రాక్ష తోటల్లో మూడు రోజుల నడక

మా నాన్న పాతికేళ్లకు పైగా ద్రాక్ష పండించారు. శామీర్‌పేట దగ్గర మూడెకరాల తోట. కడీలు పాతి, పైన ఇనుప తీగ లాగి వేసిన పందిళ్లు. మొదట్లో అనాబ్-ఎ-షాహీ, తర్వాత థామ్సన్ సీడ్‌లెస్. 2003లో బోర్లు ఎండిపోయాక పందిరి తీసేశారు. ఆ కడీలు కొన్ని ఇప్పటికీ మా ఇంటి వెనక గోడవారన పడున్నాయి. అందుకే నాన్న మొదటిసారి జర్మనీకి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకెళ్లాలో నేను పెద్దగా ఆలోచించలేదు. రైలెక్కితే గంటలోపే రైన్‌గౌ. ద్రాక్ష తోటల మధ్య ఊరి నుంచి ఊరికి నడిచి వెళ్లే దారులున్న చోటు.

సెప్టెంబరు చివరి వారంలో వెళ్లాం. నాన్నకు అరవై ఆరేళ్లు, కానీ నడకలో నాకంటే ముందే ఉంటారు. అమ్మ మా బాబు దగ్గర ఉండిపోయింది. మొదటి రోజు ఎల్ట్‌విల్‌లో దిగి కీడ్రిష్ మీదుగా ఎబర్‌బాఖ్ మఠానికి, రెండో రోజు అక్కడి నుంచి ఫోల్‌రాడ్స్, యోహానిస్‌బెర్గ్ కోటలకు, మూడో రోజు రూడెస్‌హైమ్‌కి. ఎక్కువ దూరం రైన్‌స్టైగ్ దారి మీదే నడిచాం. వీస్‌బాడెన్ నుంచి బాన్ దాకా 320 కిలోమీటర్లు సాగే కాలిబాట అది. మేం నడిచింది అందులో చిన్న ముక్క. నీలం పలక మీద తెల్లటి గుర్తు ప్రతి మలుపులో కనిపిస్తుంది, ఫోన్ తీయాల్సిన పని పడలేదు. ద్రాక్ష తోటల్లోనే ఉండాలి, అడవిలోకి వద్దు అనుకునేవాళ్లకు వైన్ గ్లాసు గుర్తుతో రీస్లింగ్ (ఇక్కడ పండే తెల్ల ద్రాక్ష రకం) దారి వేరే ఉంది. అది కిందుగా, తోటల నడుమ పోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వస్తే అదే పట్టుకోండి.

ఎల్ట్‌విల్ స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడిచామో లేదో, నాన్న మొదటి వరస దగ్గరే ఆగిపోయారు. "పందిరి లేదేంది బిడ్డా?" అన్నారు. ఇక్కడ తీగను పైకి పాకించరు. ఇనుప తీగల మధ్య గోడలా నిలబెట్టి, నడుమెత్తున గుత్తులు కాయిస్తారు. గుత్తుల చుట్టూ ఆకులు కూడా తీసేసి ఉన్నాయి. నాన్న కాసేపు చూసి ఆయనే జవాబు చెప్పుకున్నారు: మన దగ్గర ఎండ ఎక్కువ, గుత్తికి నీడ కావాలి, అందుకని పందిరి. వీళ్లకు ఎండే కరువు, ప్రతి ఆకుకూ తగలాలి. నాకు పదేళ్లుగా తెలిసిన చోటు అది. ఈ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు.

అసలు ఇంత ఉత్తరాన ద్రాక్ష ఎలా పండుతోందన్నది నాన్న మూడు రోజులూ వదలని ప్రశ్న. హైదరాబాద్ 17వ అక్షాంశం మీద ఉంటే, యోహానిస్‌బెర్గ్ తోటలోంచి 50వ అక్షాంశం పోతుంది. అక్కడ దానికి గుర్తు కూడా పెట్టారు. జవాబు నదిలోనే ఉంది. ఉత్తరానికి పారే రైన్ నది వీస్‌బాడెన్ దగ్గర పడమరకు మళ్లి, రూడెస్‌హైమ్ దాటాక మళ్లీ ఉత్తరానికి తిరుగుతుంది. మధ్యలో ఆ 30 కిలోమీటర్లే రైన్‌గౌ. కుడి ఒడ్డు వాలంతా దక్షిణం వైపు తిరిగి రోజంతా ఎండ తాగుతుంది. వెనక టౌనుస్ కొండలు చలిగాలిని ఆపుతాయి, ముందు వెడల్పాటి నది వేడిని పట్టి ఉంచుతుంది. మ్యాపులో చూస్తే ఇదంతా తెలియదు. మధ్యాహ్నం రెండు గంటలకు తోటలో నిలబడి, ముఖం మీద ఎండ, వీపు వెనక కొండ ఉన్నప్పుడు తెలుస్తుంది. ఈ ప్రాంతాన్ని కారులో చూసి వచ్చేయకండి అని నేను పట్టుబట్టేది అందుకే.

కీడ్రిష్‌లో సెయింట్ వాలంటైన్ చర్చి తప్పక చూడాలి. లోపల 1500 ప్రాంతపు ఆర్గన్ వాద్యం ఉంది, జర్మనీలో ఇప్పటికీ మోగే అతి పాత ఆర్గన్లలో ఒకటి. ఊరు దాటాక అడవి దారి, చల్లగా ఉంటుంది. మొదటి రోజు మొత్తం తొమ్మిది పది కిలోమీటర్లకు మించలేదు.

ఎబర్‌బాఖ్ మఠం గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. ఫ్రాన్స్‌లోని క్లేర్వో నుంచి వచ్చిన సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు 1136లో కట్టుకున్న చోటు ఇది. 1803లో మఠాలను రద్దు చేసేదాకా వాళ్లే ఉన్నారు. ద్రాక్ష పండించి, రసం తీసి, సొంత ఓడల్లో కొలోన్ దాకా పంపేవాళ్లు. చర్చి లోపల బొమ్మలు లేవు, బంగారం లేదు. ఉత్త రాతి గోడలు, పైనుంచి పడే వెలుతురు. సన్యాసులు పడుకునే హాలు 70 మీటర్ల పైమాటే. పోను పోను నేల కాస్త ఎత్తవుతూ, స్తంభాలు పొట్టివవుతూ ఉంటాయి. దాంతో హాలు ఉన్నదానికంటే పొడుగ్గా కనిపిస్తుంది. కానీ నాన్న ఎక్కువసేపు నిలబడింది ద్రాక్ష పిండే పాత యంత్రాల దగ్గర. పన్నెండు ఉన్నాయక్కడ. ఒక్కో దూలం ఒక నిండు చెట్టు మాను, దాన్ని కిందికి దింపే మరకు మనిషి చేయంత లావు చెక్క పళ్లు. ఆ పళ్ల అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. నాన్న అరిచేత్తో నెమ్మదిగా తడిమి చూశారు. "మన గానుగ లెక్కనే. మనిషి బలమంతా దీంట్లకే పోయింది" అన్నారు.

రాత్రి మఠం ఆవరణలోనే అతిథి గృహంలో ఉన్నాం. గదులు సాదాసీదా, శుభ్రం. ఊళ్లో పెన్షన్ల కంటే, అంటే చిన్న బస ఇళ్ల కంటే, ఖరీదే. అయినా ఒక్క రాత్రికైనా ఉండండి అంటాను. సాయంత్రం చూసేవాళ్లంతా వెళ్లిపోయాక, ఆ లోయలో నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. ఆ నిశ్శబ్దం పగటిపూట టికెట్ కొని వెళ్లేవాళ్లకు దొరకదు.

ఇక్కడే మాకొక ఇబ్బంది ఎదురైంది. పెద్ద బ్యాగును చోటు నుంచి చోటుకు చేర్చే సర్వీసు ఒకటి మాట్లాడుకున్నాం. సాయంత్రం నాలుగింటికల్లా వస్తుందన్నారు, తొమ్మిది దాటాక వచ్చింది. మధ్యలో ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. నాన్న బీపీ మాత్రలు అందులోనే ఉన్నాయి. ఆ ఐదు గంటలు నేను పడ్డ ఆందోళన ఇంకెవరికీ వద్దు. మందులు, ఒక జత బట్టలు, చార్జర్ మీ వీపు సంచిలోనే పెట్టుకోండి. నిజానికి మూడు రోజుల నడకకు ఆ సర్వీసే అక్కర్లేదు, రెండో రోజు నుంచి మేం మానేశాం.

రెండో రోజు పొద్దున్నే స్టైన్‌బెర్గ్. చుట్టూ ఎత్తైన రాతి గోడ కట్టిన ద్రాక్ష తోట, సన్యాసులు కట్టించిందే. గోడ దొంగలను ఆపుతుంది, లోపల వెచ్చదనాన్నీ నిలుపుతుంది. గోడ దాటాక హల్‌గార్టెన్ దగ్గర కోత నడుస్తోంది. చదును చోట్ల యంత్రం, వాలు మీద చేతికోత. రుమేనియా నుంచి వచ్చిన కూలీలు. దారినపోయేవాళ్లు తోటలో కాయ కోసుకోకూడదు, మేం దూరంగానే నిలబడ్డాం. నాన్న చూపు చూసి కాబోలు, ఒకాయన తన గంపలోంచి ఒక గుత్తి తీసి ఇచ్చారు. పిడికిట్లో పట్టేంత గుత్తి. బఠాణీ గింజంత కాయలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. పచ్చటి తొక్క మీద తుప్పు చుక్కలు, ఒకటి రెండు కాయలు ముడతపడి ఊదారంగుకు తిరిగాయి. నోట్లో వేసుకుంటే ముందు తేనెలా తీపి, వెంటనే దవడలు లాగేసే పులుపు, గింజ. నాన్న ఆ కూలీ చేతులు చూశారు, ఆయన నాన్న చేతులు చూశారు. భాష తెలియకపోయినా ఇద్దరూ ఐదు నిమిషాలు సైగలతో మాట్లాడుకున్నారు. కత్తెర పట్టే తీరు చూపించుకున్నారు.

ఫోల్‌రాడ్స్ కోట చెరువు మధ్యలో నిలబడ్డ 14వ శతాబ్దపు బురుజుతో ఉంటుంది. ఇక్కడ వైన్ అమ్మినట్టు 1211 నాటి పత్రం ఉంది. అంతకాలం గ్రైఫెన్‌క్లౌ వంశంవాళ్లే నడిపించారు. 1997లో ఆ వంశం చేతి నుంచి జారి, ఒక బ్యాంకు చేతికి వెళ్లింది. ఇది చదివి చెప్పాక నాన్న చాలా దూరం ఏమీ మాట్లాడలేదు.

అక్కడి నుంచి యోహానిస్‌బెర్గ్ గంట నడక. గుట్ట మీద పసుపు రంగు కోట, కింద నది దాకా ఒకటే వాలు తోట. 1720లో ఇక్కడ పెద్ద ఎత్తున ఒక్క రీస్లింగే నాటారు. 1816లో ఆస్ట్రియా చక్రవర్తి దీన్ని తన విదేశాంగ మంత్రి మెటర్నిచ్‌కు ఇచ్చాడు, ఏటా దిగుబడిలో పదో వంతు ఇవ్వాలన్న షరతుతో. 1942లో బాంబులు పడి కాలిపోయింది, ఇప్పుడున్నది తిరిగి కట్టింది. ముంగిట్లో గుర్రపు రౌతు విగ్రహం ఒకటుంది. దాని వెనక కథ ఇది: కోత మొదలుపెట్టడానికి ప్రతి ఏడూ దూరాన ఫుల్డాలో ఉండే తోట యజమాని, అక్కడి బిషప్ నుంచి అనుమతి రావాలి. 1775లో అది తెచ్చే రౌతు ఆలస్యం చేశాడు. కాయలు తీగ మీదే బూజు పట్టి ముడుచుకుపోయాయి. వేరే దారిలేక వాటినే పిండితే, అంతకుముందెన్నడూ ఎరగనంత మంచి వైన్ వచ్చిందట. ఆలస్యపు కోతకు ష్పేట్‌లేజే అనే పేరు అలా నిలిచింది. నాన్న ఈ కథను నాతో రెండుసార్లు చెప్పించుకున్నారు. కోతకొచ్చిన థామ్సన్ మీద ఫిబ్రవరిలో రెండు రోజులు వాన పడి, కాయలు పగిలి, బూజు పట్టి తోటంతా పారబోసిన ఏడు మా ఇంట్లో అందరికీ గుర్తే. "ఆ తెగులే వీళ్లకు బంగారమాయె" అన్నారు. ఆ మాటలో కోపం లేదు, ఆశ్చర్యమే.

ఆ రాత్రి కొండ కింద ఒక రైతు ఇంట్లో దిగాం. ఇక్కడ ద్రాక్ష రైతులు చాలామంది రెండు మూడు గదులు అద్దెకిస్తారు. ఇద్దరికీ కలిపి టిఫిన్‌తో 95 యూరోలు. గది కిటికీ తెరిస్తే ద్రాక్ష పిండుతున్న వాసన. ఈ మొత్తం ప్రయాణంలో డబ్బుకు తగ్గ విలువ దొరికిన చోటు ఇదే. నాన్నకు రాత్రి అన్నం తప్పనిసరి కాబట్టి నేను రైస్ కుక్కర్ గురించి అడిగితే, ఆ ఇంటావిడ తన వంటింట్లోనే పొయ్యి ఇచ్చింది. తెచ్చుకున్న పులిహోర పేస్టుతో పని జరిగిపోయింది.

శాకాహారులకు ఊళ్లలో దొరికేవి తక్కువే. ఉల్లి, మిరప పొడి కలిపిన మెత్తటి జున్ను, ష్పుండకేజ్ అంటారు, బ్రెజెల్‌తో తింటే కడుపు నిండుతుంది. రైతులు తమ ఇళ్లలో ఏడాదికి నాలుగు నెలలు మాత్రమే తెరిచే చిన్న వైన్ హోటళ్లు, ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్‌లు వెతుక్కోండి, గుమ్మానికి కొమ్మల గుత్తి వేలాడుతుంటే తెరిచి ఉన్నట్టు. చాలాచోట్ల కార్డు తీసుకోరు, నోట్లు ఉంచుకోండి. వైన్ తాగని నాన్నకు ప్రతిచోటా ద్రాక్ష రసం దొరికింది, చక్కెర కలపనిది. నేను తాగిన రీస్లింగ్‌లు అన్నింట్లోనూ పొద్దున తిన్న గుత్తి పులుపే వెతుక్కున్నాను.

మూడో రోజు దారి అడవిలో ఎక్కిదిగుతూ పోయి, సెయింట్ హిల్డెగార్డ్ మఠం దగ్గర మళ్లీ తోటల్లోకి తేలుతుంది. 1900-1904 మధ్య కట్టిన ఈ మఠంలో సన్యాసినులు ఇప్పటికీ సొంతంగా ద్రాక్ష పండిస్తారు. వాన పడ్డ మర్నాడు కావడంతో ఇక్కడ బంకమట్టి చెప్పులకు ముద్దలు ముద్దలుగా అంటింది. పట్టు ఉన్న బూట్లు కావాలి. తోటల్లో నీడ ఉండదు, నీళ్ల పంపులూ అరుదే. మనిషికి లీటరున్నర పట్టుకోండి.

రూడెస్‌హైమ్‌లో రాత్రి ఉండొద్దని నా సలహా. 144 మీటర్ల డ్రోసెల్‌గాసే సందులో జనం ఒరుసుకుంటూ నడవాలి, పాటల హోరు అర్ధరాత్రి దాకా ఆగదు. రెండేళ్ల క్రితం స్నేహితులతో అక్కడొక హోటల్లో దిగి, పెన్షన్‌కు ఇచ్చినదానికి రెట్టింపు కట్టి, నిద్ర లేకుండా లేచాం. కానీ కేబుల్ కార్ మాత్రం ఎక్కాల్సిందే. ఇద్దరు పట్టే చిన్న డబ్బా, ద్రాక్ష వరసల మీదుగా చప్పుడు లేకుండా కొండ మీది 38 మీటర్ల నీడర్‌వాల్డ్ స్మారకం దగ్గరికి చేరుస్తుంది. మూడు రోజులు కాళ్లతో కొలిచిన వాలునంతా నాన్న పైనుంచి చూశారు.

తిరుగు రైల్లో ఎడమ వైపు కూర్చోండి, తోటలన్నీ అటే. గైజెన్‌హైమ్ స్టేషన్‌లో, ఆ ఊళ్లో 1872 నుంచి ద్రాక్ష పరిశోధన జరుగుతోందని చెప్పాను. నాన్న రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రానికి తెగులు సోకిన ఆకులు సంచిలో వేసుకుని బస్సులో వెళ్లిన రోజుల గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చేదాకా ఆపలేదు.