కార్గోనా, జాగరా, ఆర్మీ కట్టా: మన డెల్టాలో ఏది మేలు?

పాలకొల్లులో మా రెడీమేడ్ కొట్టుకి వచ్చే కుర్రాళ్లు, ఫోన్‌లో అడిగే చుట్టాలు, చెరువుల మీద సూపర్‌వైజర్లుగా చేసేవాళ్లు, అందరిదీ ఒకటే ప్రశ్న. తొడల పక్కన పెద్ద జేబులుండే ఆర్మీ టైపు ప్యాంటు, అదే కార్గో, కొనాలి, పాత పద్ధతి లూజు ఆర్మీ కట్ తీసుకోవాలా, కింద ఎలాస్టిక్ ఉండే జాగర్ కార్గో తీసుకోవాలా, లేక టైటుగా ఉండే స్ట్రెచ్ కార్గో తీసుకోవాలా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

అందరూ ముందు చూసేది కాలు ఎంత లూజు, కింద బాటమ్ ఎన్ని అంగుళాలు అని. నన్నడిగితే అది చివర్లో చూడాల్సిన సంగతి. అసలు తేల్చేది ప్యాంటు నడుము మీద ఎక్కడ నిలుస్తుంది, అక్కడి నుంచి కాళ్ల మధ్య కుట్లు కలిసే చోటు దాకా ఎంత పొడవుంది అన్నదే. ఆన్‌లైన్ కొలతల పట్టీలో దీన్నే రైజ్ అంటారు. ఆర్మీ కట్ ప్యాంటు తుంటి మీద వేలాడదీయడానికి కుట్టింది కాదు, బొడ్డు దగ్గర నిలవాలి. ఇంట్లో లుంగీ ఎక్కడ బిగిస్తామో సరిగ్గా అక్కడ. జీన్స్ అలవాటు కొద్దీ దాన్ని మూడు నాలుగంగుళాలు కిందికి దించి వేసుకుంటే సీటు జారిపోతుంది, కాళ్ల మధ్య బట్ట వేలాడుతుంది, తొడ పక్కనుండాల్సిన జేబు మోకాలి దగ్గరికి దిగుతుంది. ఆ జేబులో ఫోన్ వేసుకుని నాలుగడుగులు వేస్తే ప్రతి అడుగుకీ మోకాలికి తగులుతూ ఉంటుంది. "కార్గో నాకు సూటవ్వదండీ" అని తిరిగిచ్చేసేవాళ్లలో చాలామందికి వచ్చిన ఇబ్బంది ఇదే తప్ప ప్యాంటుది తప్పు కాదు.

ఈ జేబు ఊగే బాధ సైనికులకీ ఉండేది. బ్రిటిష్ సైన్యం 1930ల చివర్లో తెచ్చిన బ్యాటిల్‌డ్రెస్ అనే యూనిఫాంలో ఎడమ తొడ మీద మ్యాపు పెట్టుకోవడానికి ఒక జేబు ఉండేది. 1942లో అమెరికా పారాట్రూపర్ల (విమానం నుంచి ప్యారాచూట్‌తో దూకే సైనికుల) ప్యాంట్లకి రెండు పక్కలా పెద్ద జేబులు వచ్చాయి. 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో దూకే ముందు ఆ జేబులు బరువుకి ఊగకుండా తొడ చుట్టూ కట్టుకునే పట్టీలు, మోకాళ్లకి కాన్వాస్ ముక్కలు అదనంగా కుట్టించుకున్నారు. అంటే జేబు తొడని అంటిపెట్టుకుని ఉంటేనే పనికొస్తుంది, అలా ఉండాలంటే ప్యాంటు బొడ్డు దగ్గర నిలవాలి.

అందుకే సైజు అడిగినప్పుడు జీన్స్ నంబరు చెప్పకండి. బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలవండి, పొట్ట బిగబట్టకుండా. జీన్స్‌లో 32 వేసేవాళ్లకి అక్కడ 34, 35 రావడం మామూలే. 1981లో అమెరికా సైన్యం తెచ్చిన బీడీయూ అనే యూనిఫాం కట్‌నే ఇప్పటికీ చాలా కంపెనీలు కాపీ కొడుతున్నాయి. అందులో సైజు మీడియం రెగ్యులర్ అంటే నడుము 31 నుంచి 35 అంగుళాలు, లోపలి కాలి పొడవు 29.5 నుంచి 32.5. అంత తేడా పక్కన ఉండే పట్టీలు లాగి సరిపెట్టుకోవడానికే. కానీ ఆ పట్టీలతో రెండంగుళాలకి మించి లాగితే వెనకాల బట్ట కుచ్చిళ్లు పడుతుంది, అలాంటప్పుడు ఒక సైజు తగ్గించుకోవడమే మంచిది. పొట్ట ఉన్నవాళ్లు ముందు భాగం పొట్ట కిందికి దించేసి వెనక మాత్రం పైకి లాగుతారు, దాంతో సీటు పట్టేస్తుంది. అలాంటివాళ్లనైతే పైసైజు తీసుకుని, కాన్వాస్ బెల్టుతో నడుము మీదే నిలపమంటాను.

కొట్లో అద్దం ముందు నిలబడి చూస్తే ఏమీ తెలీదు. గొంతుక్కూర్చోండి. చెరువు గట్టు మీద మేత లెక్క చూడాలన్నా, సఖినేటిపల్లి రేవులో పంటు కోసం కాసేపు ఆగాలన్నా మనం కూర్చునేది అలాగే కదా. వెనక నడుము జారకూడదు, తొడ దగ్గర బట్ట బిగిసి కుట్లు కనబడకూడదు, మోకాలి మీద డబుల్ బట్ట ఉంటే అది మోకాలి మీదే ఉండాలి. అది పిక్క మీదికి దిగిందంటే ఆ ప్యాంటు పొడవు మీది కాదు, షార్ట్ అని రాసి ఉన్నది అడగండి. తర్వాత బండెక్కినట్టు కాలు ఎత్తండి. జేబులో ఫోన్ పెట్టి కూర్చోండి, అది తొడ కిందికి పోకుండా పక్కనే ఉంటే సరిపోయినట్టు.

జాగర్ సంగతికొస్తే, అది చెడ్డదని అనను. తేలిక, వేసుకోవడం సులువు, పిక్కల పైకి తోసేస్తే అక్కడే నిలుస్తుంది, ఊళ్లో తిరగడానికి, కాలేజీకి బాగుంటుంది. కానీ చాలా జాగర్లలో రైజ్ తక్కువ, నడుముకి నాడా ఒక్కటే ఆధారం, జేబుల్లో బరువు పడగానే కిందికి లాగుతుంది. పైగా ఆ కింది అల్లిక పట్టీ బురదనీళ్లు పీల్చుకుని సాయంత్రం దాకా తడిగానే ఉంటుంది, పల్లేరు కాయలు పట్టుకుంటే ఒక్కొక్కటీ ఏరుకోవాలి. ఆర్మీ కట్‌లో కింద ఉండేది నాడా మాత్రమే. బూట్లు వేస్తే బిగించి బూటు మీద కొద్దిగా ఉబ్బేలా వదలాలి, చెప్పులేస్తే వదులు చేసి నిటారుగా వదిలేయాలి. బురదలోకి దిగాలంటే మడిచి పిక్క మీద ముడేస్తే చాలు. ఒకటే ప్యాంటు మూడు రకాలుగా పనికొస్తుంది, నా మొగ్గు ఇటే.

స్ట్రెచ్ కార్గో ఫోటోలకి బాగుంటుంది. జేబులు అలంకారానికే, ఏదైనా పెడితే ఉబ్బెత్తుగా కనబడతాయి. మన ఉక్కపోతలో తొడలకి అతుక్కుంటుంది కూడా.

బట్ట విషయంలో రిప్‌స్టాప్ అడగండి. నేతలో అక్కడక్కడా లావు దారం వేసి చిన్న చిన్న గళ్లుగా నేస్తారు, అందువల్ల ముళ్లకంచెకో తాటి మట్టకో తగిలి చిరిగినా ఆ చిరుగు పాకదు. కాటన్‌దా, కలగలుపుదా అంటే, మేలో కాటనే హాయి. కానీ జూలై ముసురులో మందపాటి కాటన్ రెండు రోజులైనా ఆరదు, వాసనొస్తుంది. బీడీయూ మొదట నైలాన్, కాటన్ సగం సగం కలిపిన మందపాటి బట్టతో వస్తే వేడికి తట్టుకోలేకపోతున్నామన్నారని తర్వాత పలచని కాటన్ రిప్‌స్టాప్‌లో కుట్టారు. మన సైన్యం 2022 జనవరి 15న చూపించిన కొత్త యూనిఫాంలో కాటన్ 70, పాలిస్టర్ 30 పాళ్లు. ఒక్కటే కొనేటట్టయితే నేనూ ఆ లెక్కనే చూసుకోమంటాను, కాటన్ ఎక్కువ, పాలిస్టర్ తక్కువ, బట్ట పలచన.

రంగు మాత్రం ఆలివ్ గ్రీన్, ఖాకీ, నలుపు, ఏదైనా ప్లెయిన్‌గా తీసుకోండి. సైనికుల యూనిఫాంలా మచ్చల డిజైన్ వద్దు. 2022లో చూపించిన ఆ కొత్త యూనిఫాం డిజైన్‌ని మన సైన్యం తన పేరు మీద రిజిస్టర్ చేయించుకుంది. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో అలాంటి దుస్తులు వేస్తే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీకా ఉద్దేశం లేకపోయినా ఎవరో ఆపి అడిగితే ఆ టెన్షన్ ఎందుకు? రిక్రూట్‌మెంట్ కోసం పరిగెత్తే కుర్రాళ్లకి మరీ చెబుతున్నాను.

పొడవు తగ్గించాలంటే ముందు ఒకసారి ఉతికి ఆరేయండి, కాటన్ కుంచించుకుపోతుంది. టైలర్ కింద కత్తిరించేస్తే నాడా దూరే మడత కూడా పోతుంది, కాబట్టి ఆ మడత విప్పి, పొడవు తీసేసి, మళ్లీ నాడా పట్టేలా మడిచి కుట్టమని గట్టిగా చెప్పండి.

అసలు సైజే దొరకని వాళ్లు కుట్టించుకోవచ్చు, కానీ పక్క జేబులు పొంగేలా మడతలతో కుట్టడం వచ్చిన టైలర్ కావాలి. కొలత ఇచ్చేటప్పుడు గట్టి కుర్చీలో నిటారుగా కూర్చుని, బొడ్డు మట్టం నుంచి కుర్చీ మట్టం దాకా పక్కన టేపు పెట్టించుకోండి. దానికి ఇంకో అంగుళం కలిపి రాయమనండి.