మెదక్ చర్చి: గోపురం కంటే ముందు కిటికీలు చూడండి

మెదక్ చర్చికి వెళ్లేవాళ్లలో చాలామంది 175 అడుగుల గంట గోపురం ముందు ఫొటో దిగి, లోపల ఒక చుట్టు చుట్టి, పది నిమిషాల్లో బయటపడతారు. అక్కడి అసలు సంపద రంగుటద్దాల కిటికీలు. వాటికే ఒక గంట పెట్టుకోండి.

కిటికీలు మూడు. మూడింటికీ రూపమిచ్చింది బ్రిటిష్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఆల్టర్ (బలిపీఠం) వెనుక క్రీస్తు ఆరోహణం, అంటే ఆయన పరలోకానికి వెళ్లడం, 1927 నాటిది. భవనానికి రెండు పక్కలా చొచ్చుకొచ్చిన రెక్కల్లో ఒకవైపు క్రీస్తు జననం (1947), ఇంకోవైపు సిలువ (1958). ఒకే చేయి ముప్పై ఏళ్లలో ఎలా మారిందో పోల్చి చూసే వీలు మన దగ్గర ఇంకెక్కడ దొరుకుతుంది!

వీటికి పగటి వెలుతురే ప్రాణం. చీకటి పడి లోపల లైట్లు వేశాక అద్దం నల్లగా మూగబోతుంది. అందుకే ఎండ ఏ పక్కనుంటే ఆ పక్క కిటికీతో మొదలుపెట్టండి. మరీ దగ్గరికి పోతే గాజు ముక్కల్ని పట్టి ఉంచే సీసపు పట్టీలే కళ్లకు అడ్డం పడతాయి. హాలు మధ్యదాకా వెనక్కి జరిగితే అవే బొమ్మకు అంచు గీతలైపోతాయి. ముఖాలు, వేళ్లు, బట్టల మడతలు గాజు మీద గీసి కొలిమిలో కాల్చినవి. ఫొటోకు ముందు అనుమతి అడగండి. ఇస్తే ఫోన్‌లో కిటికీ మీదే వేలు నొక్కి వెలుతురు తగ్గించాలి, లేదంటే రంగులన్నీ తెల్లగా కాలిపోతాయి.

కట్టడం మధ్యయుగాల ఐరోపా చర్చిల గోథిక్ శైలే అయినా ఆ కాలం నాటిది కాదు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని బ్రిటిష్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో మొదలుపెట్టించారు. ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబరు 25న. పొడవు 200 అడుగులు, వెడల్పు 100. మొన తేలిన కమానులు, రాతి స్తంభాలు చూశాక తల దించండి. కాళ్ల కింద బ్రిటన్ నుంచి తెప్పించిన రంగు పలకలు ఉన్నాయి.

క్రిస్మస్, గుడ్ ఫ్రైడే, ఆదివారం ప్రార్థన వేళలు భక్తులవి. కళ కోసం వెళ్లేవాళ్లు మామూలు రోజు ఎంచుకోవాలి. కామారెడ్డి, నిజామాబాద్ వైపు నుంచి వస్తే రామాయంపేట దగ్గర హైవే వదిలి మెదక్ రోడ్డు ఎక్కండి. మిగిలిన పూట మెదక్ కోటకు సరిపోతుంది.