క్రిస్మస్ పజిళ్లు: బొమ్మలు మార్చేదా, జంటలు తీసేదా, ట్రే నింపేదా?

డిసెంబర్ దగ్గర పడగానే యాప్ స్టోర్లకు ఎర్రటోపీ వచ్చేస్తుంది. ఏడాదంతా పండ్లూ రత్నాలూ కలిపించిన ఆటే మంచు రాల్చుకుంటూ, గంటల చప్పుడు తగిలించుకుని కొత్తగా ముందుకొస్తుంది. క్రిస్మస్ మ్యాచింగ్ గేమ్ అని వెతికితే వచ్చే వరుసలో అన్నింటి మీదా అవే బొమ్మలు: నక్షత్రం, కొవ్వొత్తి, కానుక డబ్బా, మంచుమనిషి. పైబొమ్మ చూసి ఎంచుకుందామంటే ఏదైనా ఒకటే. తేడా అంతా ఆ బొమ్మలతో మన చేత ఏం చేయిస్తారన్న దగ్గర ఉంటుంది.

ఆ లెక్కన ఇవి ముఖ్యంగా మూడు రకాలు. పక్కపక్క బొమ్మల్ని అటూ ఇటూ మార్చి మూడింటిని వరుసలోకి తెచ్చేది మొదటిది. గుట్టగా పేర్చిన టైల్స్‌లోంచి ఒకేలాంటి రెండింటిని తీసేది, అంటే చైనావాళ్ల టైల్స్ ఆట మహ్‌జాంగ్ తరహా, రెండోది. టైల్స్‌ని ఒక్కొక్కటే కిందున్న ట్రేలోకి దించుకుంటూ, మూడు ఒకేలాంటివి చేరినప్పుడల్లా మాయం చేసేది మూడోది. త్రీడీ కుప్పలోంచి వస్తువులు ఏరే ఆటలు కూడా ఈమధ్య బాగానే నడుస్తున్నాయి గానీ, వాటిలో చాలావరకు గడియారంతో పరుగుపందెమే. సెలవుల్లో తీరిగ్గా కూర్చునేవాళ్లకు వాటి జోలికి వెళ్లమని చెప్పను.

దేన్నిబట్టి తూచుతున్నానో ముందే చెప్పేస్తాను. పండగ ఆట కొన్నాళ్లు ఆడి పక్కన పెట్టేసేది. కాబట్టి అది మనల్ని ఎంత కట్టిపడేస్తుందని కాదు, ఎంత తేలిగ్గా వదిలిపెడుతుందని చూస్తాను. ఎవరైనా పిలిస్తే మధ్యలో లేచి వెళ్లగలగాలి, తిరిగొచ్చాక ఆపిన చోటే అందుకోగలగాలి. జనవరిలో దాన్ని తీసేస్తుంటే ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించకూడదు.

బొమ్మలు మార్చే ఆటతో మొదలుపెడదాం, అందరికీ తెలిసింది అదే. దీని మూలం 1994లో యెవ్గెనీ అలెమ్జిన్ డాస్ అనే పాత సిస్టమ్ మీద నడిచే కంప్యూటర్ల కోసం రాసిన ‘షరికి’ దగ్గర ఉంది. 2001లో పాప్‌క్యాప్ వాళ్ల ‘బిజువెల్డ్’ దాన్ని ఇంటింటికీ చేర్చింది. 2012లో కింగ్ సంస్థ ‘క్యాండీ క్రష్ సాగా’ని ముందు ఫేస్‌బుక్‌లోకి, ఆ ఏడాది చివర్లో ఫోన్లలోకి తెచ్చాక ఇక చెప్పేదేముంది. ఇప్పుడొచ్చే క్రిస్మస్ ఆటల్లో సగానికి అస్థిపంజరం ఇదే.

ఈ ఆటలో మజా అంతా గొలుసుకట్టులో ఉంది. మూడు గంట బొమ్మలు కలిసి పోతే పైనున్నవి జారతాయి, ఆ జారినవాటిలో మరో మూడు కలుస్తాయి, వాటి వెనక ఇంకొన్ని. మనం చేసింది ఒక్క కదలిక, తెర మీద సగం ఖాళీ. 8 అడ్డవరుసలూ 8 నిలువువరుసలూ ఉన్న బోర్డులో పక్కపక్కనున్న జతలు 112 ఉంటాయి. వాటిలో నిజంగా పనికొచ్చేవి ఏ కొన్నో. వాటిని కంటితో పట్టుకోవడమే మన నేర్పు. పట్టుకున్నాక పైనుంచి ఏం రాలుతుందన్నది అదృష్టం. బొమ్మల రకాలు తక్కువైతే గొలుసులు వాటంతటవే పుడతాయి, ఒక్క రకం పెంచితే బోర్డు బిగుసుకుపోతుంది. ఒక లెవెల్ హాయిగా జారిపోయి, తర్వాతిది మొండికేస్తే చాలాసార్లు కారణం ఇదే. మన తెలివి రాత్రికి రాత్రి తరిగిపోలేదు. దీన్ని పిల్లలాటని తీసిపారేసేవాళ్ల కోసం ఒక మాట: ఇలాంటి ఆటల్ని సరిగ్గా పరిష్కరించడం కంప్యూటర్ శాస్త్రం లెక్కలో ఎన్‌పీ-హార్డ్ (కంప్యూటర్‌కైనా త్వరగా తేల్చే దారి ఇంతవరకూ తెలియనంత కష్టం) అని 2014లో టోబీ వాల్ష్ నిరూపించారు. అదే ఏడాది ఇటలీ పరిశోధకులూ ఆ మాటే తేల్చారు.

ఇందులోనే రెండు పోకడలున్నాయి, కొనే ముందు చూడాల్సింది అదే. పాతకాలపు పద్ధతిలో కదిపే చోటు మిగలనప్పుడు ఆట ముగుస్తుంది. లేదా ముగింపే ఉండదు, ఊరికే ఆడుకోవచ్చు. కొత్త పద్ధతిలో లెవెల్‌కి ఇన్ని మూవ్స్ (కదలికలు) అని కట్టేస్తారు. అవి అయిపోయేసరికి గమ్యం ఒకటి రెండు బొమ్మల దూరంలో ఆగుతుంది. సరిగ్గా అప్పుడే ఇంకో 5 మూవ్స్ కొనుక్కుంటావా అని అడుగుతుంది. ఓడితే ఒక లైఫ్, అంటే ఆడే అవకాశం ఒకటి, పోతుంది. క్యాండీ క్రష్‌లో లైఫ్‌లు 5, పోయిన ఒక్కొక్కటీ తిరిగి రావడానికి 30 నిమిషాలు. సెలవు రోజున, అదీ మనం తీరిగ్గా ఉన్న గంటలో, ఆట మనల్ని బయట నిలబెట్టడం ఏం పండగ? అందుకే ఈ రకంలో నా ఓటు ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కునే కంప్యూటర్ ఆటలకు. టైమర్ లేకుండా ఆడుకునే మోడ్ ఉందో లేదో చూసుకుని మరీ.

మార్చే ఆటల్లో క్రిస్మస్ ముస్తాబు తెచ్చిపెట్టే చిక్కు ఇంకొకటుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పండగ రంగులు ఎరుపూ ఆకుపచ్చా. వర్ణాంధతలో అందరికంటే ఎక్కువగా కనిపించేది కూడా సరిగ్గా ఆ రెంటి మధ్య తేడా తెలియకపోవడమే. దానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి, మగవాళ్లకు అది ఒక్కటే ఉంటుంది కాబట్టి సమస్య వాళ్లలోనే ఎక్కువ. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో 100కి సుమారు 8 మందికి ఇది ఉంటుంది, ఆడవాళ్లలో 200కి ఒకరికి. ఇప్పుడు చెట్టుకు వేలాడదీసే గాజుగోళాల్నే బొమ్మలుగా పెట్టిన ఆట ఊహించుకోండి. అన్నీ గుండ్రమే, అన్నీ ఒకే సైజు, తేడా రంగొక్కటే. ఎర్రగోళం పక్కన పచ్చగోళం పెట్టి కలుపు అంటే ఆ మనిషి ఏం చేస్తాడు? తన చూపులో ఈ తేడా ఉందని అప్పటిదాకా తెలియనివాళ్లయితే, ఆటలో తమకే చురుకు లేదనుకుంటారు.

బిజువెల్డ్ ఈ విషయంలో ఎంత ముందుచూపుతో ఉందో అప్పుడర్థమవుతుంది. అందులో ప్రతి రత్నానికీ రంగుతో పాటు ఆకారమూ వేరు. ఎర్రది చదరం, ఊదాది త్రికోణం, తెల్లది గుండ్రం. రంగు తీసేసినా ఆట నడుస్తుంది. కాబట్టి క్రిస్మస్ ఆట ఎంచుకునేటప్పుడు ఒక చిన్న పరీక్ష: దాని స్క్రీన్‌షాట్‌ని ఫోన్లోనే బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. గంట గంటలా, మేజోడు మేజోడులా తెలుస్తుంటే తీసుకోండి. అన్నీ బూడిదరంగు గోళాలైపోతే వదిలేయండి. చూపు బాగున్నవాళ్లకూ ఇది పనికొస్తుంది. అర్ధరాత్రి ఫోన్ వెలుతురు తగ్గించుకుని ఆడేవాళ్లకైతే మరీనూ.

ఇక జంటలు తీసే ఆట. నాకు ఇష్టమైంది ఇదే, దాచుకోవడం ఎందుకు. నలుగురు కూర్చుని ఆడే అసలు మహ్‌జాంగ్‌కూ దీనికీ టైల్స్ తప్ప చుట్టరికం లేదు. ఒంటరిగా ఆడుకునే ఈ రూపాన్ని బ్రోడీ లాకర్డ్ 1981లో ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థ మీద తయారుచేశారు. 1986లో యాక్టివిజన్ ‘షాంఘై’ పేరుతో దాన్ని అమ్మకానికి పెట్టింది. విండోస్ విస్టాలో ‘మహ్‌జాంగ్ టైటన్స్’ ఆడినవాళ్లకు ఇది పాత నేస్తమే.

నియమం రెండు ముక్కల్లో అయిపోతుంది. టైల్ మీద ఇంకో టైల్ ఉండకూడదు, దాని కుడివైపో ఎడమవైపో ఖాళీగా ఉండాలి. అలాంటివి ఒకేరకం రెండు దొరికితే తీసేయొచ్చు. తాబేలు ఆకారంలో పేర్చే మామూలు బోర్డులో 5 అంతస్తుల్లో 144 టైల్స్ ఉంటాయి. ఎక్కువ రకాలు నాలుగేసి చొప్పున వస్తాయి. కష్టమంతా ఆ నాలుగులోనే ఉంది. ఒకేలాంటి మూడు మంచుమనుషులు అందుబాటులో ఉన్నాయనుకోండి, ఏ రెండు తీయాలి? తొందరపడి చేతికందినవి తీసేస్తే, మిగిలినది తన జోడీనే నొక్కిపట్టి ఉండొచ్చు. నాలుగూ కనిపిస్తే ఆలోచించకుండా నాలుగూ తీసేయండి. మూడే కనిపిస్తే, ఎత్తైన గుట్ట మీదున్నదీ, పొడవాటి వరుస చివరున్నదీ ముందు తీయండి. అలా తీసిన ప్రతిసారీ కింద కొత్తది బయటపడుతుంది.

ఒక్క లోపం ఉంది, అది చిన్నది కాదు. టైల్స్‌ని ఊరికే కలిపి పేర్చేస్తే కొన్ని బోర్డులు ఎవరు ఆడినా పూర్తి కావు. తాబేలు బోర్డుల్లో 100కి సుమారు 3, కింద ఏముందో ముందే చూసే వీలిచ్చినా తెగవని లెక్కగట్టారు. గంటసేపు కూర్చుని చివరికి ఇది మొదటినుంచీ అయ్యేది కాదని తెలిస్తే ఒళ్లు మండుతుంది. మంచి ఆటలు దీన్ని వెనకనుంచి పేర్చి తప్పిస్తాయి: ఖాళీ బోర్డు మీద జంటలు జంటలుగా పెట్టుకుంటూ వస్తే, ఆ దారినే వెనక్కి తీసుకుంటూ పోవచ్చు కదా. ప్రతి బోర్డూ పూర్తవుతుందని వివరణలో రాసి ఉంటే ఆ ఆట ఇలా పేర్చిందన్నమాట. అప్పుడు కూడా మనం తప్పు జంట తీసి ఇరుక్కోవచ్చు, కాబట్టి వేసిన ఎత్తు వెనక్కి తీసుకునే ‘అన్‌డూ’ ఎన్నిసార్లయినా ఉచితంగా ఇస్తోందా అన్నదీ చూడాలి.

క్రిస్మస్ వేషం ఈ రకానికి బాగా నప్పుతుంది. అసలు టైల్స్ మీద ఉండే చైనీస్ అక్షరాలూ వెదుళ్లూ కొత్తవాళ్లను బెదరగొడతాయి. వాటి స్థానంలో రెయిన్‌డీర్, చెట్టు, మేజోడు వస్తే ఎవరైనా వెంటనే ఆడొచ్చు. పైగా ఇక్కడ రంగుకంటే బొమ్మే ముఖ్యం. కొందరు చిత్రకారులు మాత్రం తెలివి చూపిద్దామని ఆరేడు రకాల మంచు రేకులు గీసిపెడతారు, అప్పుడు ఆట కాస్తా కంటి పరీక్షయిపోతుంది. చిన్న ఫోన్ మీద 144 టైల్స్ కూడా కష్టమే. టాబ్లెట్ గానీ కంప్యూటర్ గానీ ఉంటే ఈ ఆట ఎత్తే వేరు.

ట్రే ఆటల సంగతికొస్తే, వీటికి బాగా పేరు తెచ్చింది 2022 సెప్టెంబర్‌లో చైనాలో వీచాట్ అనే మెసేజింగ్ యాప్ మీద ఊపేసిన ‘షీప్ ఎ షీప్’. మొదటి లెవెల్ పసిపిల్లలు కూడా ఆడేస్తారు, రెండోది దాదాపు ఎవరూ దాటలేరు. మధ్యలో ఏ మెట్టూ లేదు. ఇరుక్కున్నప్పుడు గట్టెక్కించే సాయం కావాలంటే ప్రకటన చూడాలి, లేదా స్నేహితులకు పంపాలి. అలాంటి రకాలే ఇప్పుడు మంచు కప్పుకుని అన్నిచోట్లా తిరుగుతున్నాయి.

ట్రేలో గళ్లు ఏడు. మూడు కలవకుండా ఏడూ నిండితే ఓటమి. దీనికి చిన్న లెక్కుంది. ట్రేలో మూడు రకాలే ఉన్నంతకాలం మీకేం కాదు, ఎందుకంటే ఒక్కొక్కటి రెండేసి చేరినా ఆరే అవుతాయి, ఏడోది ఆ మూడింట్లో ఏదైనా సరే ఒక జట్టు పూర్తి చేసేస్తుంది. నాలుగో రకం దించిన క్షణం నుంచే ప్రమాదం. ఈ లెక్క పట్టుకుని ఆడితే మామూలు లెవెల్స్ చకచకా తెగుతాయి, ఆ తృప్తి నిజమైనదే. కానీ పైపొర కింద ఏముందో కనపడకుండా కప్పేసి, ఆ మూడు రకాలు దొరక్కుండా చేసే లెవెల్స్ వచ్చాక మన లెక్కకు విలువుండదు. దాటించేది బూస్టరే, అంటే ఇందాక చెప్పిన గట్టెక్కించే సాయమే. మూడింట్లో నేను చివర పెట్టేది దీన్నే. రైల్లో పది నిమిషాలు పొద్దుపోవడానికి చాలు, సెలవంతా తోడుండే ఆట కాదు.

అసలు పండగ కోసం విడిగా ఆట ఎందుకు, రోజూ ఆడేదాంట్లోనే క్రిస్మస్ ఈవెంట్ వస్తుందిగా అనేవాళ్లుంటారు. వస్తుంది, బాగానే ఉంటుంది. కాకపోతే దానికి గడువుంటుంది, మెట్లుంటాయి, చివరి బహుమతి ఫలానా తేదీలోపు అందుకోవాలి. సెలవు తీసుకున్నది గడువుల నుంచి తప్పించుకోవడానికే అయితే మళ్లీ ఇంకో గడువు నెత్తికెత్తుకోవడం దేనికి? విడి ఆటల్లో కొన్ని డిసెంబర్ 1 నుంచి 24 దాకా రోజుకో తలుపు తెరిచే క్యాలెండర్ పద్ధతి పాటిస్తాయి. అది నాకు నచ్చుతుంది, రోజుకొక బోర్డుతో ఆటే మనల్ని లేవదీస్తుంది. తప్పిపోయిన రోజు తలుపు తర్వాత తెరుచుకునేలా ఉండాలి, అంతే.

డబ్బు విషయంలో మూడు దారులు: కొనేయడం, ప్రకటనలు భరించడం, చందా కట్టడం. 2019లో మొదలైన ఆపిల్ ఆర్కేడ్ లాంటి చందాల్లో ప్రకటనలూ ఆట లోపలి కొనుగోళ్లూ ఉండవు. ఇప్పటికే కడుతున్నవాళ్లు ముందు అందులో వెతుక్కోవడం మంచిది, ఈ ఒక్క ఆట కోసం కొత్తగా చేరనక్కర్లేదు. ఉచిత ఆటైతే ఇంటర్నెట్ ఆపేసి ఒక లెవెల్ ఆడి చూడండి. తెరుచుకోనే తెరుచుకోకపోతే ప్రయాణంలో దానితో పనిలేదు.

పెద్దవాళ్లూ పిల్లలూ ఒకే తెర ముందు కూర్చుని వేలు పెట్టి చూపించుకుంటూ ఆడాలంటే జంటల ఆట తీసుకోండి, టాబ్లెట్ మీద, పెద్ద బొమ్మలతో, తక్కువ టైల్స్ ఉన్న బోర్డుతో. ఒంటరిగా, పాటలు వింటూ, బుర్రకు పని పెట్టకుండా చేతులు ఆడించాలంటే టైమర్ లేని మార్చే ఆట. చిన్నపిల్లల చేతికి ఫోన్ ఇచ్చే పనైతే ఏ రకమైనా సరే, లోపలి కొనుగోళ్లు సెట్టింగ్స్‌లో ఆపేశాకే ఇవ్వండి.