జాగ్రత్త: ‘హర్ట్’ పాట బాగుందని పిల్లలకు ఆ సీడీ కొంటున్నారా? కొంచెం ఆగండి

మావాడికి పదమూడేళ్ళు. ఏడాదిగా గిటార్ క్లాసుకు వెళ్తున్నాడు. అమెరికన్ గాయకుడు జానీ క్యాష్ ముసలి గొంతుతో పాడిన ‘హర్ట్’ అంటే వాడికి పిచ్చి. ఆ పాట అసలు నైన్ ఇంచ్ నెయిల్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ వాళ్ళదని తెలిశాక, పుట్టినరోజుకి ఆ ఆల్బమే కావాలన్నాడు. 1994 నాటి ‘ది డౌన్‌వర్డ్ స్పైరల్’. ఆన్‌లైన్‌లో ఒకతను ‘టీనేజ్ పిల్లలకు మంచి గిఫ్ట్’ అని రాసి మరీ అమ్ముతున్నాడు. రెండు వేల పైచిలుకు పెట్టి తెప్పించి, నేను ఒక్క పాటా వినకుండా వాడి చేతిలో పెట్టేశాను. సగం తప్పు నాదే.

మిగతా సగం అమ్మినవాడిది. అట్ట మీద కింది మూల ధర చీటీ అంటించి ఉంది. గోటితో గీకితే కింద నలుపూ తెలుపూ డబ్బాలో ‘పేరెంటల్ అడ్వైజరీ’, అంటే పాటలు పిల్లలకు తగకపోవచ్చని తల్లిదండ్రులకు హెచ్చరిక! ఫోన్ చేస్తే ‘చూసుకోలేదు సార్, సీల్ తీశాక వాపసు ఉండదు’ అన్నాడు.

మూడో రోజు రాత్రి అన్నం తింటూ మావాడు అడిగాడు: ‘నాన్నా, పదమూడో పాటలో వాడు చచ్చిపోయాడు కదా, మరి పద్నాలుగోది ఎవరు పాడుతున్నారు?’ నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రే అరవై ఐదు నిమిషాలూ కూర్చుని విన్నాను. ఒకడు దేవుణ్ణీ, మనుషుల్నీ, తన ఒంటినీ ఒక్కొక్కటిగా అసహ్యించుకుంటూ దిగజారిపోతాడు. ఐదో పాట పడగ్గది వ్యవహారం, ఇంట్లో పెద్ద సౌండుతో పెట్టలేం. పదమూడో పాటలో ప్రాణం తీసుకుంటాడు. ఆ తర్వాత వచ్చేది ‘హర్ట్’. 2002లో క్యాష్ పాడినప్పుడు ఆయనకు డెబ్భై ఏళ్ళు. అందులో ఉన్న ఒక బూతు మాట తీసి ముళ్ళు అని పెట్టుకున్నాడు కూడా. ఆయన నోట అది ఒక పెద్దాయన పశ్చాత్తాపం. ఇక్కడ పదమూడు పాటల చీకటి దాటి వచ్చేసరికి అదే పాట వేరేగా తగులుతుంది.

గొప్ప ఆల్బమే, కాదనను. పదిహేడేళ్ళవాడు నా పక్కన కూర్చుని వింటానంటే వద్దనను. పదమూడేళ్ళవాడు తలుపేసుకుని హెడ్‌ఫోన్స్‌లో వినేది మాత్రం కాదు.

ఇంకోటి. ఆ హెచ్చరిక స్టిక్కర్ లేదు కదా అని కూడా ధీమా పడకండి. 1985లో అమెరికాలో కొందరు తల్లులు గొడవ చేస్తే వచ్చిన పద్ధతి అది. దాని మీద వయసు ఉండదు. అది చూసేది ముఖ్యంగా బూతులు, హింస, శృంగారం. దిగులు దాని లెక్కలోకి రాదు. లింకిన్ పార్క్ అనే రాక్ బ్యాండ్ ఆల్బమ్ ‘హైబ్రిడ్ థియరీ’లో ఒక్క బూతూ లేదు, కానీ బాధ నిండుగా ఉంది. పాటల సాహిత్యం నెట్‌లో దొరుకుతుంది. కొనేముందు వరసలో మొత్తం చదవండి, ముఖ్యంగా చివరి రెండూ.

సీడీ ఇప్పుడు నా బీరువాలో ఉంది. మావాడు అలిగాడు, రెండు రోజులు మాట్లాడలేదు. నిన్నటి నుంచి మళ్ళీ గిటార్ మీద క్యాష్ పాటే, ఏ మైనర్, సి, డి కార్డ్‌లు. సి నుంచి డి కి మారేటప్పుడు ఇంకా తడబడుతున్నాడు.