గోపాల్‌పూర్‌లో పబ్బు వెతకబోయి పీత దగ్గర ఆగిపోయాం

విశాఖ నుంచి మా బావ ఫోన్ చేసి "ఒరే బామ్మర్దీ, పిల్లలకి సెలవులిచ్చేశారు, శనివారం గోపాల్‌పూర్ వచ్చేస్తున్నాం, సముద్రం కనపడేలా మంచి పబ్బు ఒకటి చూసి ఉంచు" అన్నాడు. గోపాల్‌పూర్ ఒడిశాలో మా బరంపురానికి 16 కిలోమీటర్లు, చిన్నప్పట్నుంచీ ఆదివారం వచ్చిందంటే అక్కడే పడుండేవాళ్ళం, అయినా నన్ను అక్కడ పబ్బు అడగడమంటే బరంపురంలో ట్రామ్ ఎక్కడెక్కాలి అని అడిగినట్టే. విశాఖ వాళ్ళకి పబ్బంటే డీజే, లైట్లు, డ్రాఫ్ట్ బీరు. ఇక్కడ దొరికేవి మూడే రకాలు, పెద్ద రిసార్టుల లోపలి బార్లు (అవి మన జేబుకి కాదు గానీ పుట్టినరోజు లాంటిది ఉంటే సరే), మామూలు బార్ అండ్ రెస్టారెంట్లు, మందు లేని చేపల హోటళ్ళు. మేము ఒక్క రోజులో రెండో రకంవి రెండు, మూడో రకంది ఒకటి చూసేశాం, అదే రాస్తున్నా. బాగా పెట్టిన వాళ్ళకి పొగడ్త, పెట్టని వాళ్ళకి పరువు నష్టం ఎందుకులే అని ఎవరి పేరూ రాయట్లేదు.

ముందు ఆంధ్ర నుంచి వచ్చేవాళ్ళకి ఒక మాట. ఒడిశాలో బోర్డుల మీద ఐఎంఎఫ్ఎల్ (ఇక్కడే తయారైన విదేశీ రకం మందు) ఆన్ షాప్, ఆఫ్ షాప్ అని రాస్తారు. ఆన్ అంటే అక్కడే కూర్చుని తాగొచ్చు, ఆఫ్ అంటే కొనుక్కుని పోవాలి. మా బావ మొదటిసారి వచ్చినప్పుడు ఆఫ్ అని చూసి షాపు కట్టేశారనుకుని వెనక్కొచ్చేశాడు, తలుపు బార్లా తీసే ఉంది పాపం. ఇంకోటి, ఇక్కడ కూడా 21 నిండితేనే మందు, మా చిన్నాన్న కొడుక్కి 19, వాడు లెమన్ సోడాతో మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. బీచ్ మీద బాటిల్ తీయకండి, పోలీసులు చూశారంటే ఆ సాయంత్రం అక్కడితో సరి.

మొదట వెళ్ళింది బీచ్ రోడ్డు మీద ఒక డాబా బార్. మెట్ల దగ్గర పెద్ద ఫ్లెక్సీ, సన్‌సెట్ వ్యూ అని, నారింజ రంగు సూర్యుడు సముద్రంలోకి దిగిపోతున్న బొమ్మ. మా అక్క ఫోన్ పట్టుకుని ఐదున్నర నుంచీ రెడీగా ఉంది. నాకు నవ్వాగలేదు, ఇది తూర్పు తీరం కదండీ, సూర్యుడు సముద్రంలోంచి పొద్దున్న లేస్తాడు, సాయంత్రం మన వెనకాల వాటర్ ట్యాంకు పక్కకి దిగుతాడు! పోనీ ఆ డాబా చెడ్డదని కాదు, గాలి మాత్రం అదిరిపోయింది, లైట్‌హౌస్ లైటు తిరుగుతుంటే పిల్లలు లెక్కపెట్టుకుంటూ గంట గడిపేశారు. పున్నమి నాడు అయితే అక్కడికి నేనే తీసుకెళ్తా, చీకటి పడే వేళకి చంద్రుడు నీళ్ళలోంచి ఎర్రగా లేస్తాడు, ఆ డాబాకి పనికొచ్చే బొమ్మ అది, వాళ్ళు ఫ్లెక్సీ మీద తప్పు గ్రహాన్ని వేయించుకున్నారు అంతే.

తిండి దగ్గరికొస్తే ఏడుపే. "ఫ్రెష్ వంజరం ఉంది సార్, ఈ రోజు పొద్దున్న బోటుది" అన్నాడు వెయిటర్. మే నెలలో! తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఇంజిన్ లేని తెప్పలకి ఆ నిషేధం లేదు కాబట్టి ఒడ్డు దగ్గరి చిన్న చేప దొరుకుతుంది, కానీ అంతంత లావు వంజరం ముక్కలు పొద్దున్న ఏ బోటు తెచ్చిందో నాకు చెప్పమను. వచ్చింది చూస్తే ఐస్ చేపే, ఫోర్కు పెడితే పీచులా విడిపోయింది, మధ్యలో దూది నమిలినట్టు. రొయ్యలు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఒకే సైజు, చెరువు వెనామీ, దానికి మందంగా కార్న్‌ఫ్లోర్ కోటు. చెరువు రొయ్య అని మెనూలో రాసి ఉంటే నేనేమీ అనేవాడిని కాదు, సముద్రం రొయ్య అని రేటు వేశారు చూశారా అక్కడ మండింది.

బిల్లులో సర్వీస్ చార్జి 10 శాతం కూడా కలిపేశారు. 2022 జూలైలోనే వినియోగదారుల అథారిటీ, హోటల్ వాళ్ళు అడక్కుండా సర్వీస్ చార్జి వేయకూడదని చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే సమర్థించింది. అరవకుండా మామూలుగా "అది తీసేయండి బాబూ, లేదంటే 1915కి ఫోన్ చేస్తా" అన్నా (అది వినియోగదారుల హెల్ప్‌లైన్), రెండు నిమిషాల్లో కొత్త బిల్లు వచ్చింది. వెయిటర్ కుర్రాడి చేతికి విడిగా వంద ఇచ్చా, వాడి తప్పేముంది.

రెండోది లోపలి రోడ్డులో ఏసీ బార్, దీని గురించి రెండు ముక్కలే. చీకటి, క్రికెట్, బీరు మాత్రం గ్లాసు మీద చెమట పట్టేంత చల్లగా, ఉల్లి పచ్చిమిర్చి కలిపిన వేరుశనగలు ఊరికే ఇచ్చారు, రేటు బోర్డు గోడ మీదే ఉంది, మోసం లేదు. కానీ అక్కని, పిల్లల్ని బయట కార్లో కూర్చోబెట్టి మేము లోపలికి పోవడం ఏం బాగుంటుంది, అర బాటిల్‌తో లేచి వచ్చేశాం. ఫ్రెండ్స్‌తో అయితే కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు.

ఇక మూడోది. ఆకలి తీరలేదు, పిల్లలు గోల, అప్పుడు బీచ్ మీద వల బాగుచేసుకుంటున్న ఒకాయన్ని అడిగా. గోపాల్‌పూర్‌లో వేటకెళ్ళేవాళ్ళు చాలామంది మన తెలుగువాళ్ళే, వాడబలిజలు, ఒడియా వాళ్ళు నోలియా అంటారు. కాబట్టి ఇక్కడ నా రూలు ఒకటే, గూగుల్ స్టార్లు చూడను, వలున్న మనిషిని తెలుగులో అడుగుతా. ఆయన తల ఎత్తకుండానే "ఏటి తింటారు?" అన్నాడు. చేప అన్నా. "ఇప్పుడు పెద్ద చేప ఏటుంటాది, పీత తినండి" అని వీధి చివరి హోటల్ చూపించాడు.

రేకుల షెడ్డు, ఆరు బల్లలు, మందు లేదు, సముద్రం కూడా కనపడదు, మా బావ మొహం మాడిపోయింది. ఆ హోటలామె కొడుకు మాత్రం మెనూ తేలేదు, థర్మాకోల్ పెట్టెలు రెండు తెచ్చి మూత తీసేశాడు. ఒకదాంట్లో కవ్వళ్ళు అనే చిన్న చేపలు, కళ్ళు ఇంకా గాజు గోలీల్లా మెరుస్తున్నాయి, మొప్పలు ఎత్తి చూపించాడు, ఎర్రగా. రెండోదాంట్లో చిలికా సరస్సు నుంచి వచ్చిన పీతలు, డెక్కలు తాడుతో కట్టేసి, బతికే ఉన్నాయి. చిలికా ఒడ్డున ఉన్న రంభ ఇక్కడికి దగ్గరే, సముద్రంలో బంద్ ఉన్నా చిలికా సరుకు వస్తూనే ఉంటుంది. నేను పెద్దది తీయబోతే ఆమె లోపల్నుంచి వచ్చి నా చేతిలోది లాక్కుని పక్కన పెట్టేసింది. "సైజు కాదు నాయినా, బరువు చూడాల" అని దాన్ని తిరగేసి కాళ్ళ మొదట్లో బొటనవేలుతో నొక్కింది, లోపలికి సొట్ట పడింది. ఇంకో చిన్నది నొక్కింది, రాయిలా ఉంది. "అది డొల్ల, ఇది కండ." పున్నమి దగ్గర పడితే పీత డొల్లైపోతుందనీ, అమావాస్యకి తినాలనీ కూడా చెప్పింది, ఇది నేను మా నాన్న దగ్గర కూడా విన్నాను. డొల్లది అమ్మేస్తే ఆమెకి 100 రూపాయలు ఎక్కువ వచ్చేవి, ఆ బొటనవేలు చూశాకే నేను ఫిక్స్ అయిపోయా.

ఆవాలు వెల్లుల్లి నూరి వండింది, ఒడియా బేసర లాంటిదే కానీ చింతపండు పులుపు తగిలించింది, అంటే అటు ఇటు కాని మా గంజాం వంట, 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి తర్వాత ఒడిశాలో కలిసిన జిల్లా కదా, కూర కూడా రెండు భాషలు మాట్లాడుద్ది. దానికి తోడు ఎండాకాలమని పఖాళ, అంటే నీళ్ళు పోసి పులియబెట్టిన అన్నం, మట్టి మూకుడులో, పక్కన వేపిన కవ్వళ్ళు, బడి చూరా (వేపి నలిపిన వడియాలు). ఆ పఖాళనే మా అమ్మమ్మ తరవాణి అనేది. పబ్బు కోసం వచ్చిన మా బావ ఆ పులిసిన నీళ్ళు గ్లాసులో పోయించుకుని రెండు సార్లు తాగాడు, నేను చూడనట్టే ఉన్నా. ఏడుగురికి 1,640 అయింది, డాబా మీద చేప ఒక్కదానికే అందులో సగం ఇచ్చుకున్నాం.

లోపాలు లేవని కాదు. ఒక్కరే వండుతారు, యాభై నిమిషాలు పట్టింది, ఫ్యాను శబ్దం జనరేటర్‌లా ఉంది, యూపీఐ అప్పుడప్పుడు పనిచేయదు, టాయిలెట్ అడక్కండి, ముందే ఎక్కడో చూసుకుని వెళ్ళండి. కార్తీక మాసం చివరి ఐదు రోజులు, పంచుక అంటారు, ఇక్కడ చాలామంది నీచు ముట్టరు, ఆమె కూడా కట్టేస్తుందట. పున్నమి మర్నాడు ఛాడఖాయి, ఊరంతా ఒక్కసారి చేపల మీద పడుతుంది, ఆ రోజు మాత్రం వెళ్ళకండి, రేటూ ఉండదు బల్లా దొరకదు.

నిన్న బావ మళ్ళీ ఫోన్. "జూన్‌లో బంద్ అయిపోగానే పున్నమి చూసుకుని వస్తాం రా, డాబా మీద చందమామ చూసి, తర్వాత ఆవిడ దగ్గర పీత." ఆ రెండూ ఒక రోజు కుదరవు బావా, పున్నమికి పీత డొల్ల అని ఆవిడ చెప్పలేదా అన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే అమావాస్యకే టికెట్లు చెయ్యి" అన్నాడు.